డాక్టర్ గారు వెళ్లమన్నారు... బిల్లే కదలడం లేదు!

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆసుపత్రి బిల్లుల మీదే. జబ్బు తగ్గింది, డాక్టర్ గారు ఇంటికి వెళ్లమన్నారు, కానీ కౌంటర్ దగ్గరే పూటలు గడిచిపోతున్నాయన్నది అందరి గోడు. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం. ఆసుపత్రిలో బిల్లింగ్ చేసే ఒక పాఠకుడి ప్రశ్న కూడా వీటిలో ఉంది. కౌంటర్‌కు ఇవతల నిలబడేవాళ్లూ దాన్ని చదివితే మంచిది. ఆలస్యం ఎక్కడ పుడుతుందో అందులోనే తెలుస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారికి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. నాలుగో రోజు ఉదయం 9 గంటలకే రౌండ్స్‌లో డిశ్చార్జ్ అన్నారు. మేం బయటపడేసరికి రాత్రి 8 అయింది. ఎప్పుడు అడిగినా ‘ఇన్సూరెన్స్ అప్రూవల్ రాలేదండీ’ అనే అన్నారు. మూడు గంటల్లో తేల్చాలని రూలు ఉందంటారు కదా, మరి పదకొండు గంటలు ఎందుకు పట్టినట్టు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రూలు ఉన్నమాట నిజం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, చేరినప్పుడు పంపే క్యాష్‌లెస్ (బిల్లును బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) అభ్యర్థనపై కంపెనీ గంటలోగా నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ రోజు ఫైనల్ అప్రూవల్ మూడు గంటల్లోగా ఇవ్వాలి. అది దాటి, ఆ ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే, ఆ డబ్బు బీమా కంపెనీయే తన వాటాదారుల నిధి నుంచి కట్టాలి.

అయితే ఆ మూడు గంటలు డాక్టర్ గారు ‘వెళ్లొచ్చు’ అన్న క్షణం నుంచి మొదలు కావు. ఆసుపత్రి పంపిన డిశ్చార్జ్ అభ్యర్థన బీమా కంపెనీకి అందినప్పుడు మొదలవుతాయి. అంతకుముందు పోయిన సమయమంతా ఆసుపత్రి ఖాతాలోదే. కౌంటర్‌లో మాత్రం రెండింటికీ కలిపి ‘అప్రూవల్ రాలేదు’ అనే ఒక్క మాటే చెబుతారు.

లోపల సాధారణంగా జరిగేది ఇదీ. రౌండ్స్ పూర్తయ్యాకే డ్యూటీ డాక్టర్ డిశ్చార్జ్ సమ్మరీ రాయడానికి కూర్చుంటారు. అది రాసేసరికి పెద్ద డాక్టర్ గారు ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లిపోయి ఉంటారు, సంతకం ఆగుతుంది. ఈలోగా వార్డు సిస్టర్ వాడని మందులు లెక్కపెట్టి ఫార్మసీకి తిరిగి పంపాలి. ఫార్మసీ వాటిని రిటర్న్ వేసేదాకా ఫైనల్ బిల్లు తీయడానికి కుదరదు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లు సమ్మరీ, ఫైనల్ బిల్లు, రిపోర్టులు, ఆపరేషన్ నోట్స్ స్కాన్ చేసి అప్‌లోడ్ చేస్తారు. ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్నం మూడు కొట్టడం మామూలే. కంపెనీ గడియారం అప్పుడు మొదలవుతుంది.

దానికి తోడు క్వెరీ, అంటే కంపెనీ అడిగే అదనపు వివరాలు. గాల్‌బ్లాడర్ కేసుల్లో తరచూ వచ్చే క్వెరీ ‘రాళ్లు ఉన్నాయని మొదట ఎప్పుడు తెలిసింది? ఆ స్కాన్ రిపోర్టు, మొదటి ఓపీ చీటీ పంపండి’ అని. చాలా పాలసీల్లో పిత్తాశయ రాళ్లలాంటి కొన్ని జబ్బులకు మొదటి రెండేళ్లూ కవరేజీ ఉండదు కాబట్టి తేదీ మీద వాళ్లకు అంత పట్టుదల. ఆ చీటీ మీ ఇంట్లో బీరువాలో ఉంటే, అది వచ్చి అప్‌లోడ్ అయ్యేదాకా ఫైలు కదలదు. ప్రమాదం కేసయితే ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) కాపీ, మద్యం తాగారా లేదా అన్న ధ్రువీకరణ అడుగుతారు. స్టెంటో, ప్లేటో వేసి ఉంటే దాని స్టిక్కర్, కొన్న బిల్లు అడుగుతారు.

అందుకే డిశ్చార్జ్ రోజు పడే హడావిడిలో చాలా భాగం ముందురోజు సాయంత్రమే తగ్గించుకోవచ్చు. సాయంత్రం రౌండ్‌కు వచ్చిన డాక్టర్‌ను ‘రేపు పంపిస్తారా?’ అని సూటిగా అడగండి. అవునంటే సమ్మరీ డ్రాఫ్టు రాత్రికే తయారు చేయించమని డ్యూటీ డాక్టర్‌ను, మిగిలిన మందులు రాత్రే రిటర్న్ పంపమని సిస్టర్‌ను కోరండి. బిల్లింగ్‌లో ఇంటెరిమ్ బిల్లు (అప్పటిదాకా అయిన ఖర్చు లెక్క) తీసుకోండి. అప్పటికి మంజూరైన మొత్తంతో పోల్చి, బిల్లు దాన్ని దాటిపోతుంటే ఎన్‌హాన్స్‌మెంట్ (మంజూరు మొత్తం పెంచమనే అభ్యర్థన) ఆ రాత్రే పంపమని ఇన్సూరెన్స్ డెస్క్‌కు చెప్పండి. మొదట మంజూరు చేసేది అంచనాలో కొంత భాగం మాత్రమే కావచ్చు. మిగతాది చివరిరోజు ఒక్కసారిగా అడిగితే ప్రశ్నలు పెరుగుతాయి. ఇక పాత ఓపీ చీటీలు, స్కాన్లు, ఆధార్, పాన్ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. చేరిన రోజే ఇవన్నీ ఇచ్చేస్తే మరీ మంచిది.

డిశ్చార్జ్ రోజు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘మా ఫైలు కంపెనీకి ఎన్ని గంటలకు పంపారు?’ పంపలేదంటే ఏ కాగితం ఎవరి దగ్గర ఆగిందో అడగండి. పంపామంటే క్లెయిమ్ నంబరు తీసుకుని బీమా కంపెనీ లేదా టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) యాప్‌లో, హెల్ప్‌లైన్‌లో సరిచూసుకోండి. అందిన సమయం, క్వెరీ పడిందా లేదా అన్నది అక్కడ తెలుస్తుంది. స్క్రీన్‌షాట్ దాచుకోండి. మూడు గంటలు దాటి, గది అద్దె మరో రోజుకు వేస్తే మీ చేతిలో ఉండే ఆధారం అదే.

ప్రశ్న: రూ.2 లక్షల బిల్లుకు రూ.1.25 లక్షలే పాస్ చేశారు. గది అద్దె పరిమితి దాటిందట. మిగతా రూ.75 వేలు కడితేనే గేట్ పాస్ అన్నారు. గది అద్దె తేడాకు ఇంత కోత ఉంటుందా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: కోత ఉంటుంది, కానీ మీ బిల్లులో వేసినంత కాదేమో చూడాలి. మీరు పంపిన వివరాల ప్రకారం పాలసీ రూ.5 లక్షలు, గది అద్దె పరిమితి ఒక శాతం, అంటే రోజుకు రూ.5,000. తీసుకున్న గది రూ.8,000. నిష్పత్తి 5/8, అంటే 62.5 శాతం. మొత్తం బిల్లును దీంతో గుణిస్తే సరిగ్గా రూ.1.25 లక్షలు వస్తుంది. మీకు అలాగే చేశారన్నమాట. అది తప్పు.

ఈ నిష్పత్తి కోత దేనికి వర్తిస్తుందో ఐఆర్‌డీఏఐ 2020లోనే స్పష్టం చేసింది. గది స్థాయిని బట్టి మారే డాక్టర్ ఫీజు, సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీల వంటివాటికే అది వర్తించాలి. మందులు, వాడి పారేసే సామగ్రి, ఇంప్లాంట్లు, పరీక్షల మీద కోత వేయకూడదు. ఐసీయూ చార్జీలకూ వర్తించదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రి అయితే అసలు ఈ కోతే ఉండదు.

మీ బిల్లులో గది నాలుగు రోజులకు రూ.32,000, సర్జన్, థియేటర్, విజిట్లు కలిపి రూ.80,000, మందులు రూ.40,000, పరీక్షలు రూ.18,000, ఇంప్లాంట్ రూ.30,000. గదికి రూ.20,000, సర్జన్ వగైరాలకు రూ.50,000, మిగిలినవి పూర్తిగా అంటే రూ.88,000. మొత్తం రూ.1,58,000 రావాలి. బిల్లులో కవర్ కాని వస్తువులు ఉంటే అంతమేరకు తగ్గుతుంది. ఆ మినహాయింపు వస్తువులకు 68 అంశాల ప్రామాణిక జాబితా ఉంది. ‘నాన్ మెడికల్’ అని రాసి కోసినవి ఆ జాబితాలో ఉన్నవేనా అని చూసుకోండి.

రూ.33,000 తేడాను పైన రాసిన లెక్కతోనే కంపెనీకి మెయిల్ చేయండి. కోతల వివరం ఉన్న ఫైనల్ అప్రూవల్ లెటర్, బిల్లు విడివిడి వివరాలు జత చేయండి. ఒక మాట: ఇలాంటి తేడా కౌంటర్ దగ్గరే కనిపెట్టగలిగితే, కట్టకముందే ఇన్సూరెన్స్ డెస్క్ చేత పునఃపరిశీలనకు పంపించండి. గంటో రెండు గంటలో ఎక్కువ పడుతుంది, కానీ తర్వాత నెలల తరబడి తిరగడం తప్పుతుంది.

ప్రశ్న: చివరి నిమిషంలో క్యాష్‌లెస్ తిరస్కరించారు. ఇక మా డబ్బు పోయినట్టేనా?

జవాబు: కాదు. క్యాష్‌లెస్ నిరాకరణ వేరు, క్లెయిమ్ తిరస్కరణ వేరు. బిల్లు మీరే కట్టేసి, తర్వాత ఆ డబ్బు కంపెనీ నుంచి రాబట్టుకునే రీయింబర్స్‌మెంట్‌కు వేసుకోవచ్చు. వచ్చేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, విడివిడి వివరాలున్న ఫైనల్ బిల్లు, డబ్బు కట్టిన రసీదులు, ప్రిస్క్రిప్షన్లతో సహా మందుల బిల్లులు, రిపోర్టులు, ఇంప్లాంట్ స్టిక్కర్, క్యాష్‌లెస్ నిరాకరించిన లెటర్ తెచ్చుకోండి. గడువు పాలసీలోనే రాసి ఉంటుంది, 15 నుంచి 30 రోజులు ఉండేవి ఎక్కువ. ఒరిజినల్స్ ఇచ్చేముందు అన్నిటికీ కాపీలు తీసుకోండి.

కంపెనీ ఒప్పుకోకపోతే ముందు దాని ఫిర్యాదుల విభాగానికే రాతపూర్వకంగా రాయాలి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్, 155255 నంబరు కూడా ఉన్నాయి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా వివాదాలు పరిష్కరించే అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, రూ.50 లక్షల దాకా వివాదాలు వింటారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.

ప్రశ్న: మాది 60 పడకల ఆసుపత్రి, నేను బిల్లింగ్ ఇన్‌చార్జిని. పేషెంట్ వెళ్లిన పది, పన్నెండు రోజులకు గానీ క్లెయిమ్ ఫైలు పంపలేకపోతున్నాం. అప్పటికి ఏదో ఒక చార్జీ మిస్ అయినట్టు బయటపడుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– పేరు వద్దన్న పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు సాఫ్ట్‌వేర్ మార్చే ఆలోచన పక్కన పెట్టండి. రోజూ ఉదయం ఒక జాబితా తీయండి: డిశ్చార్జ్ అయి కూడా క్లెయిమ్ వెళ్లని పేషెంట్లు. పేరు పక్కన డిశ్చార్జ్ తేదీ, ఆగిన కాగితం, అది ఎవరి దగ్గర ఉంది, అంతే. రెండు వారాలు ఈ జాబితా నడిపితే చాలా ఫైళ్లు రెండు మూడు కారణాల దగ్గరే ఆగుతున్నాయని తేలుతుంది. ఏ డాక్టర్ సంతకమో, ఏ డిపార్ట్‌మెంటో కూడా తేలుతుంది. ఆ జాబితాను మేనేజ్‌మెంట్ ముందు పెట్టే ధైర్యం మీకు ఉండాలి, అసలు చిక్కు అక్కడే.

మిస్ అయ్యే చార్జీలు వచ్చే చోట్లు దాదాపు అన్ని ఆసుపత్రుల్లోనూ ఒకటే. మొదటిది థియేటర్. వాడిన కుట్టు దారాలు, డ్రెయిన్లు, స్టేప్లర్ల షీటు పేషెంట్ రికవరీ గది దాటేలోపే పోస్ట్ కావాలి. మర్నాడు రాద్దామనుకుంటే గుర్తున్నంతవరకే రాస్తారు. ఇంప్లాంట్ స్టిక్కర్ ఒకటి కేస్ షీటుకు, ఒకటి బిల్లింగ్ కాపీకి అక్కడే అంటించాలి. కంపెనీవాళ్లు తర్వాత అడిగితే స్టిక్కర్ మళ్లీ పుట్టదు. రెండోది బయటి నుంచి వచ్చే కన్సల్టెంట్ల విజిట్లు. అవి కేస్ షీటులో ఉంటాయి, సిస్టమ్‌లో ఉండవు. రోజూ సాయంత్రం ఒకరు వార్డులు తిరిగి ఎక్కించాలి. మూడోది ఎమర్జెన్సీలో వార్డు స్టాకు నుంచి తీసి వాడిన మందులు. నాలుగోది బయటి ల్యాబ్‌కు పంపిన పరీక్షలు. వీటికి రిపోర్టు వచ్చినప్పుడు కాకుండా శాంపిల్ పంపినప్పుడే చార్జీ వేయండి. బయాప్సీ రిపోర్టు వారం తర్వాత వస్తుందని బిల్లు ఆపడం చాలాచోట్ల ఉన్న అలవాటు. దానికి అవసరమేమీ లేదు. సమ్మరీలో ‘రిపోర్టు రావలసి ఉంది’ అని రాసి, వచ్చాక క్లెయిమ్‌కు జత చేయవచ్చు.

సమ్మరీ సంగతి. ఆపరేషన్ జరిగిన రోజే డ్రాఫ్టు మొదలుపెట్టించండి. ఫిర్యాదు, పరీక్షలు, ఆపరేషన్ వివరాలు ఆ రోజుకే తెలిసి ఉంటాయి. డిశ్చార్జ్ రోజు చేర్చాల్సింది చివరి పరిస్థితి, ఇంటికిచ్చే మందులు, మళ్లీ ఎప్పుడు రావాలన్నదే. క్వెరీలు తెప్పించే తప్పులు కూడా ఇక్కడే దొర్లుతాయి. అడ్మిషన్ నోట్‌లో ‘కడుపునొప్పి మూడు నెలలుగా’ అని, సమ్మరీలో ‘మూడు రోజులుగా’ అని ఉంటే క్వెరీ పడకుండా ఉండదు. కుడి, ఎడమ తారుమారు కావడం, వయసు ఒక్కోచోట ఒక్కోలా ఉండటం ఇలాంటివే. పంపేముందు ఒకరు ఈ నాలుగైదు అంశాలే పోల్చి చూస్తే చాలు, ఐదు నిమిషాల పని.

సాయంత్రం 5 గంటలకల్లా మర్నాటి డిశ్చార్జ్‌ల జాబితా వార్డు, ఫార్మసీ, బిల్లింగ్, ఇన్సూరెన్స్ డెస్క్ నలుగురికీ చేరాలి. ఫార్మసీ రిటర్న్స్ ఆ రాత్రే. సీలు తీసినవి, ఫ్రిజ్‌లో ఉంచాల్సినవి వెనక్కి తీసుకోరని సిస్టర్లకు ముందే తెలిసి ఉంటే వాదనలు తగ్గుతాయి. ఉదయం రౌండ్ ఇంటికి వెళ్లేవాళ్ల మంచాల దగ్గర మొదలుపెట్టమని డాక్టర్లను ఒప్పించగలిగితే రెండు గంటలు కలిసొస్తాయి. ఎన్‌హాన్స్‌మెంట్ విషయంలో ఒక నియమం పెట్టుకోండి: నడుస్తున్న బిల్లు మంజూరైన మొత్తంలో 75 శాతానికి రాగానే పంపేయడం.

ప్రతి కేసుకూ ఐదు సమయాలు రాయండి: డాక్టర్ ఆర్డర్, సమ్మరీ సంతకం, ఫైనల్ బిల్లు, కంపెనీకి పంపింది, పేషెంట్ వార్డు వదిలింది. ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ కూడా డిశ్చార్జ్‌కు పట్టే సమయాన్ని నాణ్యతా సూచికగా చూస్తుంది. మొత్తం ఎన్ని గంటలన్న ఒక్క అంకె వల్ల ఉపయోగం తక్కువ. ఏ రెండింటి మధ్య ఎక్కువ పోతోందో చూడండి.

పంపాక కూడా పని మిగిలే ఉంటుంది. హార్డ్ కాపీల గడువు మీ ఎంఓయూలో (బీమా కంపెనీతో ఒప్పందంలో) ఎంత ఉందో చూసి, దానికి రెండు రోజుల ముందే పంపండి. డబ్బు పడినప్పుడు యూటీఆర్ నంబరుతో (బ్యాంకు లావాదేవీ నంబరు) ఏ క్లెయిమ్‌దో సరిపోల్చండి. టీపీఏలు చెల్లింపులో 10 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపు పన్ను) కోస్తాయి. రూ.1,00,000 పాసైతే రూ.90,000 వస్తుంది. ఆ పది వేలను ‘తక్కువ పంపారు’ అని రాసుకుని వెంటపడే అకౌంటెంట్లున్నారు. టీడీఎస్, ఎంఓయూ డిస్కౌంటు, అసలైన కోత, మూడింటికీ మూడు వేర్వేరు పద్దులు పెట్టండి. పోరాడాల్సింది మూడోదాని మీదే.

ప్రశ్న: డిశ్చార్జ్ అయిన నెలకు ఆసుపత్రి నుంచి ఫోన్. ‘ల్యాబ్ చార్జీలు రూ.14,600 మిస్ అయ్యాయి, కట్టండి’ అంటున్నారు. ఫైనల్ బిల్లు కట్టి రసీదు కూడా తీసుకున్నాం.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఫోన్ మీద ఒప్పుకోవద్దు, కసురుకోనూ వద్దు. పరీక్ష పేరు, శాంపిల్ తీసిన తేదీ, డాక్టర్ రాసిన ఆర్డర్, రిపోర్టు కాపీ మెయిల్‌లో అడగండి. అవి మీ ఫైనల్ బిల్లులో వేరే పేరుతోనో, ప్యాకేజీలోనో ఇప్పటికే ఉన్నాయేమో పోల్చండి. ప్యాకేజీ చికిత్స అయితే మామూలు పరీక్షలు అందులో కలిసే ఉంటాయి. కేస్ షీటు కాపీ కావాలంటే రాతపూర్వకంగా కోరండి. 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలి కూడా.

పరీక్ష నిజంగా చేసి, బిల్లులో పడలేదని తేలితే అడిగే హక్కు వాళ్లకు ఉంటుంది. క్యాష్‌లెస్ కేసయితే ముందు కంపెనీకే అనుబంధ బిల్లు పంపమనండి. అది పాలసీలో కవరయ్యే ఖర్చే అయితే మీ జేబు దాకా ఎందుకు రావాలి? క్వెరీకి ఆసుపత్రి సకాలంలో జవాబివ్వక కంపెనీ కోసిన సొమ్ము అయితే, అది ఆ ఇద్దరి మధ్య లెక్క. ఏ కారణంతో కోశారో చూపే సెటిల్‌మెంట్ లెటర్ అడగండి, విషయం తెలిసిపోతుంది.

ప్రశ్న: రూ.2.5 లక్షల బిల్లు నగదుగా కడతామంటే తీసుకోలేదు. ఎందుకని?

జవాబు: ఒకే చికిత్సకు సంబంధించి రూ.2 లక్షలు లేదా ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 ఏప్రిల్ నుంచి నిషేధించింది. రెండు మూడు రోజులకు విడదీసి కట్టినా అదే లెక్క. తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడవచ్చు, అందుకే కౌంటర్‌లో వెనక్కి తగ్గుతారు. ఆసుపత్రులకు యూపీఐ పరిమితి రూ.5 లక్షల దాకా ఉన్నా మీ బ్యాంకు అంతకన్నా తక్కువ పెట్టి ఉండొచ్చు. నెట్ బ్యాంకింగ్‌లో కొత్త ఖాతా చేర్చితే కొన్ని గంటలపాటు పెద్ద మొత్తం పంపనివ్వని బ్యాంకులే ఎక్కువ. ఆసుపత్రి ఖాతాను ముందురోజే చేర్చి పెట్టుకోండి.

ప్రశ్న: చికిత్స పొందుతూ మనిషి చనిపోతే బిల్లు తేలేదాకా మృతదేహాన్ని ఆపవచ్చా?

జవాబు: ఆపకూడదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది. బాకీ ఉంటే ఆసుపత్రి చట్టప్రకారం వసూలు చేసుకోవాలి. బీమా ఉన్నవారి విషయంలో కంపెనీ వెంటనే క్లెయిమ్ చూసి, మృతదేహం తక్షణం అప్పగించేలా చేయాలని 2024 సర్క్యులర్ చెబుతోంది. మాట వినకపోతే 112కు ఫోన్ చేయండి, జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి ఫిర్యాదు చేయండి. ప్రమాదం, అనుమానాస్పద మరణం అయితే పోస్టుమార్టం కోసం పోలీసులు ఆపుతారు, దానికీ బిల్లుకూ సంబంధం లేదు.

ప్రశ్న: చేరినప్పుడు కట్టిన డిపాజిట్ ఇంకా తిరిగి రాలేదు.

జవాబు: ఫైనల్ అప్రూవల్ వచ్చి, మీ వంతు కోతలు పోగా మిగిలినది తిరిగి ఇవ్వాల్సిందే. ‘కంపెనీ నుంచి మాకు డబ్బు పడ్డాక ఇస్తాం’ అంటే ఆ మాటే రాసిచ్చి, తేదీ వేయమనండి. డిపాజిట్ రసీదు ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకుని కాపీ ఇవ్వండి. కార్డుతో కట్టి ఉంటే అదే కార్డుకు, యూపీఐతో అయితే అదే ఖాతాకు వెనక్కి వేస్తారు. పేషెంట్ తరఫున కట్టింది మీ బావగారో, స్నేహితుడో అయితే డబ్బు వాళ్లకే వెళ్తుంది, రాలేదని తిరిగేముందు వాళ్ల ఖాతా ఒకసారి చూడమనండి.